ఇంట్లో ట్రిప్ అయ్యే ఎస్ప్రెస్సో మిషన్ షాపులో ఎందుకు ట్రిప్ అవ్వలేదు: ఒక కేస్ స్టడీ

చివరికి మార్చింది ఒక చిన్న ఓ-రింగు (లీకు ఆపే రబ్బరు రింగు), కొన్ని స్క్రూలు, రెండు టెర్మినల్స్, ఒక పవర్ కార్డు. అంతే. కానీ అక్కడిదాకా రావడానికి బల్ల మీద పరిచిన టూల్స్ చూస్తే మిషన్ మొత్తం మళ్ళీ కట్టామేమో అనిపిస్తుంది. హోమ్ ఎస్ప్రెస్సో మిషన్ల రిపేర్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది "అన్నా ఏ బిట్ సెట్ కొనమంటావ్" అని. విప్పడానికి సరైన బిట్ ఉండాలి, కాదనను, దాని గురించి కింద చాలా రాశా కూడా. కానీ విప్పకముందు వాడాల్సిన టూల్స్ గురించి ఎవరూ అడగరు, ఈ కేసులో అసలు మలుపులన్నీ అక్కడే తిరిగాయి. కస్టమర్ ఎవరో తెలిసే వివరాలు తీసేశా, కొన్ని మార్చా. మిషన్ కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు మిషన్‌ది కాదు.

మిషన్ సంగతి, ఇంటి సంగతి

కొన్నేళ్ళు జర్మనీలో ఉద్యోగం చేసి హైదరాబాద్ తిరిగొచ్చేసిన జంట. అక్కడ కొన్న మిషన్ కూడా సామాన్లతో పాటు తెచ్చుకున్నారు. సింగిల్ బాయిలర్, వైబ్రేషన్ పంపు, బటన్లు థర్మోస్టాట్‌లు తప్ప లోపల ఎలక్ట్రానిక్ బోర్డు అనేదే లేని పాతకాలపు డిజైన్. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 1400 వాట్లు. వోల్టేజీ గొడవ లేదు. అమెరికా నుంచి తెచ్చే 120 వోల్టుల మిషన్లతో ఉండే తలనొప్పి ఇక్కడ లేదన్నమాట, వాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఫ్రీక్వెన్సీ మారదు కాబట్టి సెకనుకి 60 సార్లు కొట్టాల్సిన పంపు 50 సార్లే కొడుతుంది, అది వేరే కథ.

మిషన్ సరిపోయింది కానీ ప్లగ్ సరిపోలేదు. జర్మనీ ప్లగ్‌కి ఎర్త్ పిన్ను ఉండదు, పక్కన రెండు వైపులా మెటల్ పట్టీలు ఉంటాయి, ఎర్త్ అక్కడ తగలాలి. మన దగ్గర దొరికే చవక యూనివర్సల్ అడాప్టర్‌లో రెండు పిన్నులు దిగుతాయి, పక్క పట్టీలకి ఏదీ తగలదు. అంటే మిషన్ నడుస్తుంది, ఎర్త్ మాత్రం ఉండదు. వీళ్ళు ఏడాదికి పైనే అలా వాడారు. అప్పుడప్పుడు స్టీలు బాడీ ముట్టుకుంటే ఝుమ్మనేదట, చెప్పులు వేసుకుని వాడితే ఏమీ అనిపించేది కాదట. ఆ మాట ఆవిడ నవ్వుతూ చెప్పారు, నాకు నవ్వు రాలేదు.

తర్వాత అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ ఎవరో ఇది చూసి, అడాప్టర్ తీసేయించి మన 16 యాంప్ మూడు పిన్నుల ప్లగ్ ఉన్న కార్డు పెట్టాడు. కరెక్ట్ పని చేశాడు. ఆ రోజు నుంచే ఇల్లంతా కరెంటు పోవడం మొదలైంది.

కంప్లైంట్

"అన్నా, కొత్త వైరు పెట్టినప్పటి నుంచి పొద్దున మిషన్ ఆన్ చేస్తే ఇల్లంతా ట్రిప్ అవుతోంది. ఒక్కోసారి అవుతుంది ఒక్కోసారి అవ్వదు. పాత అడాప్టరే బాగుంది, అది పెట్టుకుంటే ఏ గొడవా లేదు, మళ్ళీ అదే పెట్టేసుకోమంటావా?"

ఫోన్‌లో నేను చెప్పిన మొదటి మాట "మేడమ్, అడాప్టర్ ముట్టుకోవద్దు, మిషన్ స్విచ్ ఆఫ్ చేసి పక్కన పెట్టండి" అని. ఎందుకంటే ఎర్త్ లేనప్పుడు లీకయ్యే కరెంటుకి పోయే దారి ఉండదు, బాడీ మీద అలా కాచుకుని ఉంటుంది, మనిషి ముట్టుకుంటే ఆ మనిషే దారి. ఎర్త్ పెట్టగానే కరెంటుకి దారి దొరికింది, లీకేజీ కనిపెట్టి కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ దాన్ని పట్టుకుని కొట్టేస్తోంది. కొత్త వైరు తప్పు తేలేదు, దాగి ఉన్న తప్పుని బయటపెట్టింది. ఇది ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం టైమ్ పట్టింది, ఎందుకంటే ఆవిడ కళ్ళకి కనిపించేది ఒకటే, పాత వైరుతో పనిచేసింది, కొత్త వైరుతో పనిచేయట్లేదు.

ఈలోపు వాళ్ళు చేసుకున్న ప్రయత్నాలు రెండు. ఒకటి, సిట్రిక్ యాసిడ్‌తో డీస్కేలింగ్. ట్రిప్పుకి దానికి సంబంధమే లేదు కాబట్టి ఏమీ మారలేదు. రెండోది, అంతకుముందెప్పుడో స్టీమ్ నాబ్ బిగుసుకుపోయిందని, ఇప్పుడు ట్రిప్ అవుతోందని, ఒకే మెకానిక్‌ని రెండుసార్లు పిలిపించారు. ఆయన గీజర్లు మిక్సీలు బాగా చేసే మనిషి. రెండోసారి పై కవర్ విప్పబోయి స్క్రూలు కదలక వదిలేసి, బాయిలర్ మార్చాలి అని చెప్పి వెళ్ళాడు. బాయిలర్ బయటి నుంచి తెప్పించాలి, అది మిషన్ ధరలో పెద్ద ముక్క.

విప్పకముందు

మిషన్ షాపుకి మధ్యాహ్నం వచ్చింది. నా లైనుకి కూడా 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ ఉంది. ఆన్ చేశా. ట్రిప్ అవ్వలేదు. బాగా వేడెక్కింది, కాఫీ వచ్చింది, స్టీమ్ వచ్చింది. చాలామంది ఇక్కడే "మీ ఇంటి వైరింగ్‌లో ఏదో ఉంది" అని మిషన్ తిప్పి పంపేస్తారు. మల్టీమీటర్ పెట్టి లైవ్‌కి ఎర్త్‌కి మధ్య చూస్తే కూడా అంకె ఎక్కువే చూపిస్తుంది, బాగానే ఉంది అనిపిస్తుంది. మల్టీమీటర్ లోపలి బ్యాటరీ వోల్టేజీ చాలా తక్కువ, తడి పట్టిన ఇన్సులేషన్ ఆ కాస్త వోల్టేజీకి తన గుట్టు బయటపెట్టదు. 230 వోల్టులు పడ్డప్పుడు చేసే పని వేరు.

అందుకే ఇక్కడ రెండు టూల్స్ కావాలి. ఒకటి మెగ్గర్, 500 వోల్టులతో ఇన్సులేషన్ టెస్ట్ చేసేది. రెండోది లీకేజీ క్లాంప్ మీటర్, లైవ్ న్యూట్రల్ రెండు వైర్లూ కలిపి దాని నోట్లో పెడితే పోయిన కరెంటుకి తిరిగొచ్చిన కరెంటుకి తేడా మిల్లీయాంపుల్లో చూపిస్తుంది. మామూలు క్లాంప్ మీటర్‌తో ఇది కుదరదు, అంత చిన్న అంకెలు అది చదవలేదు.

క్లాంప్ పెడితే వేడి మీద ఉన్న మిషన్‌కి 2 మిల్లీయాంపుల చుట్టూ వచ్చింది. మంచి మిషన్‌కి అది ఎక్కువే, కానీ ట్రిప్పు చేసేంత కాదు. కంప్లైంట్‌లో "పొద్దున" అనే మాట ఉంది కదా, అందుకని రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే వేరే ఏ పనీ పెట్టుకోకుండా ముందు దీన్నే ఆన్ చేశా. 12 మిల్లీయాంపులు. అలా చూస్తూ ఉండగానే వేడెక్కేకొద్దీ తగ్గుతూ వచ్చి మళ్ళీ 2 దగ్గర ఆగింది. ఇంకోసారి పూర్తిగా చల్లారాక మెగ్గర్‌తో ప్లగ్ దగ్గరే చూశా, లైవ్ న్యూట్రల్ రెండూ కలిపేసి ఎర్త్‌తో, మిషన్ స్విచ్ ఆన్‌లో ఉంచి. స్విచ్ ఆన్‌లో పెట్టడం మర్చిపోతే బాయిలర్‌ని వేడిచేసే ఎలిమెంట్ అసలు సర్క్యూట్‌లోనే ఉండదు, రీడింగ్ అద్భుతంగా వస్తుంది, మోసపోతాం. దీంట్లో బోర్డు లేదు కాబట్టి 500 వోల్టులు నేరుగా పెట్టగలిగా, బోర్డు ఉన్న మిషన్ అయితే ముందు దాన్ని విడదీయాలి, లేకపోతే మనమే కాల్చేసినట్టు. రీడింగ్ 0.02 మెగా ఓములు. కనీసం 1 అయినా ఉండాలి. 230ని 20 వేల ఓములతో భాగిస్తే పదకొండున్నర మిల్లీయాంపులు, క్లాంప్ చూపించిన దానికి దాదాపు సరిపోయింది.

మరి 12కి ఇంట్లో ఎందుకు ట్రిప్ అవుతోంది? 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ సరిగ్గా 30 దగ్గరే కొట్టాలని లేదు, 15 నుంచి 30 మధ్యలో ఎక్కడైనా కొట్టొచ్చు, రూల్ ప్రకారమే. నేను వాళ్ళింటికి వెళ్ళి డీబీ (ఇంటి మెయిన్ కరెంటు పెట్టె) దగ్గర క్లాంప్ పెడితే, కాఫీ మిషన్ లేకుండానే, పొద్దున గీజర్ వేసి ఉన్న టైమ్‌లో 8 మిల్లీయాంపుల లీకేజీ ఉంది. గీజర్ కొంత, డెస్క్‌టాప్ కొంత, ఇన్వర్టర్ ఏసీ వాషింగ్ మిషన్ల ఫిల్టర్లు కొంత. తిలాపాపం తలా పిడికెడు. దానికి ఈ 12 కలిస్తే 20, కొట్టేస్తుంది. గీజర్ వేయని రోజు కొట్టదు. షాపులో ఆ లైను మీద ఇదొక్కటే కాబట్టి అసలు కొట్టదు. "ఒక్కోసారి అవుతుంది ఒక్కోసారి అవ్వదు" అన్నది కస్టమర్ అయోమయం కాదు, అక్షరాలా నిజం.

ఈ పాయింట్ దగ్గర నాకు తెలిసింది ఇది. లీకేజీ మిషన్‌లోనే ఉంది, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే తగ్గుతుంది. ఎలిమెంట్ గొట్టం పగిలి ఉంటే వేడికి ఇలా బుద్ధిగా తగ్గదు. తగ్గుతోందంటే ఎక్కడో తడి ఉంది, వేడికి ఆరుతోంది. ఎలిమెంట్ లోపల వైరు చుట్టూ ఉండే తెల్ల పొడి మెగ్నీషియం ఆక్సైడ్, కొసల దగ్గర సీలు బలహీనపడితే వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు అది తేమ పీల్చుకుంటుంది. కాబట్టి బాయిలర్ మార్చడం అనే మాట పక్కన పెట్టి విప్పడం మొదలుపెట్టా.

విప్పడం

ఇక్కడ ఎక్కువ టైమ్ పోయింది. యూరప్ మిషన్లలో స్క్రూ తల మీద ప్లస్ గుర్తు కనిపిస్తే అది మన మామూలు స్టార్ అనుకోకూడదు. జాగ్రత్తగా చూస్తే ప్లస్ మధ్యలో నాలుగు సన్న గీతలు ఏటవాలుగా ఉంటాయి, అది పోజీడ్రైవ్. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ దాంట్లో కూర్చున్నట్టే ఉంటుంది, కొంచెం బలం పెట్టగానే పైకి జారి తలని తినేస్తుంది. వెనక వైపు రెండు స్క్రూలకి అదే జరిగింది, తలలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి, పైగా నీళ్ళు పోసే చోటు కాబట్టి తుప్పు. కింద ఇంకోటి టోర్క్స్ టీ20 (ఆరు కోణాల నక్షత్రం గాడి ఉన్నది), మధ్యలో పిన్ను ఉన్న సెక్యూరిటీ రకం, దాని మీద ఫ్లాట్ స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టిన గాట్లు ఉన్నాయి.

ఆ మెకానిక్‌ని నేను తప్పుపట్టను. ఆయన రోజూ చూసే సామాన్లలో ఇవి రావు. ఈ మిషన్ల కోసం విడిగా బిట్లు పెట్టుకోకపోతే ఎవరి చేతిలోనైనా ఇదే జరుగుతుంది. జురా, నెస్ప్రెస్సో మిషన్లలో అయితే తల కోడిగుడ్డు ఆకారంలో ఉండే స్క్రూలు వస్తాయి, వాటికి ఓవల్ బిట్ అని విడిగా ఉంటుంది, అది లేకుండా మొదలుపెట్టకపోవడమే మంచిది. ఇంకోటి, ప్లాస్టిక్ బాడీ మిషన్లలో స్క్రూ లోతు గుంటలో ఉంటుంది, మనం వాడే మాగ్నెటిక్ హోల్డర్ లావు కాబట్టి ఆ గుంటలోకి దిగదు. అందుకని పొడుగు కాడ ఉన్న బిట్లే కొనాలి, పొట్టి బిట్ల వంద పీసుల డబ్బా కంటే పొడుగు టీ10, టీ15, టీ20, పీజెడ్2 (పోజీడ్రైవ్ రెండో సైజు) ఒక్కొక్కటి ఎక్కువ పనికొస్తాయి.

పిన్ను ఉన్న టోర్క్స్‌కి కొందరు పిన్ను విరగ్గొట్టి మామూలు బిట్ పెడతారు. నేను చెయ్యను. విరిగిన ముక్క ఎటు పడుతుందో తెలీదు, స్విచ్ టెర్మినల్స్ మధ్య పడిందంటే ఇంకో కొత్త రోగం. మధ్యలో చిల్లు ఉన్న బిట్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. గాట్లు పడ్డా లోపలి ఆకారం మిగిలే ఉంది కాబట్టి అది తేలిగ్గానే వచ్చేసింది.

అరిగిన రెండిటికీ ఆప్షన్లు ఆలోచించా. డ్రిల్ పెట్టి తల ఎగరగొట్టేయొచ్చు, లేదా చిన్న కటింగ్ వీల్‌తో గాడి కోసి ఫ్లాట్‌తో తిప్పొచ్చు. రెండిట్లోనూ ఇనుప రజను రాలుతుంది, కింద సరిగ్గా బాయిలర్, టెర్మినల్స్ ఉన్నాయి. లీకేజీ వెతుకుతున్న మిషన్‌లో నా చేత్తో నేనే ఇనుప పొడి చల్లితే రేపు మెగ్గర్ రీడింగ్‌ని నేనే నమ్మలేను. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంది కానీ దీనికి వెనక పలక పల్చటి రేకు, వంగిపోతుంది. అందుకని మొదట తుప్పు వదిలే ఆయిల్ ఒక్క చుక్క, దూదిపుల్లతో, స్ప్రే కాదు, ఎందుకంటే స్ప్రే కొడితే లోపల ఎక్కడెక్కడికి పోతుందో తెలీదు. కాసేపాగి పీజెడ్2 బిట్ కొసకి ఆటో షాపుల్లో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ కొంచెం రాసి, ఒంటి బరువంతా మోపి మెల్లిగా తిప్పితే ఒకటి వచ్చింది. ఆ పేస్ట్‌లో ఉండే గరుకు జారకుండా పట్టు ఇస్తుంది. రెండోదానికి తల పైకి ఉబ్బి ఉంది కాబట్టి చిన్న వైస్ గ్రిప్‌తో పక్కల నుంచి పట్టి తిప్పేశా. తిరిగి బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ అలెన్ స్క్రూలు వేశా, రేపు ఎవరు విప్పినా బాధ లేకుండా.

మొదటి ప్రయత్నం

కవర్ తీశాక పని త్వరగా అయింది. ఫోటోలు తీసుకుని టెర్మినల్స్ ఒక్కోటి పీకుతూ మెగ్గర్ చూశా. ఎలిమెంట్ వైర్లు తీయగానే మిగతా మిషన్ అంతా 100 మెగా ఓములు దాటింది. అంటే పంపు, కరెంటుతో తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వ్ కాయిల్, స్విచ్‌లు అన్నీ శుభ్రం. ఈ మోడల్లో అల్యూమినియం బాయిలర్ గోడలోనే రెండు ఎలిమెంట్లు కలిపి పోతపోసి ఉంటాయి, విడిగా మార్చలేం. ఒకటి బాగుంది, రెండోది 0.02. స్టీమ్ వాల్వ్ వైపు ఉన్నది. అది నోట్ చేసుకున్నా. రెండూ కలిపి ఎలిమెంట్ రెసిస్టెన్స్ 38 ఓములు, 230 వోల్టులకి 1400 వాట్లంటే ఎంత రావాలో అంతే. వైరు ఆరోగ్యంగా ఉంది, దాని చుట్టూ ఉన్న పొడి మాత్రం తడిసింది.

ఎండబెట్టడానికి వేరియాక్, అంటే కావాల్సినంత వోల్టేజీ పెట్టుకోగలిగే ట్రాన్స్‌ఫార్మర్ వాడా. నీళ్ళు తీసేసిన బాయిలర్‌కి పూర్తి 230 ఇస్తే దూకుడుగా వేడెక్కుతుంది, పొడిలో ఉన్న తేమ ఒక్కసారిగా ఆవిరై కొసల సీలుని ఇంకా పాడుచేస్తుంది. 90 వోల్టులు ఇస్తే పవర్ 15 శాతానికి పడిపోతుంది, 215 వాట్ల దాకా. బాయిలర్‌కి థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) కట్టి 120 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచా, కాఫీ థర్మోస్టాట్ 107 దగ్గరే కట్ చేసేస్తుంది కాబట్టి స్టీమ్ స్విచ్ వేసి, అది 145 దాకా ఊరుకుంటుంది. మెగ్గర్ రీడింగ్ 100 మెగా ఓములు దాటింది. చల్లారాక మర్నాడు కూడా పడిపోలేదు.

ఇంతకీ తడి ఎక్కడిది? ఫిల్టర్ హోల్డర్‌లో చిల్లుల్లేని బాస్కెట్ పెట్టి పంపు నడిపి పూర్తి ప్రెషర్ పట్టి చూశా, ఎక్కడా చుక్క లేదు. కవర్ తీసి ఉంచే స్టీమ్ కూడా వదిలి చూశా, ఏమీ కనిపించలేదు. ఎలిమెంట్ కొసలకి హీట్‌ప్రూఫ్ సిలికాన్ పూసి మూసేద్దామా అనిపించింది కానీ పూయలేదు, తేమ వచ్చే దారి తెలీకుండా మూత పెడితే లోపలికెళ్ళిన తేమ ఇంక బయటికి రాదు. కస్టమర్‌కి ఇదే చెప్పి ఇచ్చా, "మేడమ్, తడి ఆరబెట్టాను, తడి ఎక్కడి నుంచి వస్తోందో దొరకలేదు, మళ్ళీ వస్తే నాకే ఫోన్ చెయ్యండి, అడాప్టర్ మాత్రం పెట్టొద్దు" అని. డబ్బులు కూడా చెకింగ్ వరకే తీసుకున్నా.

మళ్ళీ వచ్చింది

కొన్ని వారాలు చప్పుడు లేదు. తర్వాత ఒక సోమవారం పొద్దున ఫోన్, మళ్ళీ మొదలైందని. ఈసారి ట్రిప్ గురించి కాకుండా కాఫీ గురించి అడిగా, ఎవరు ఏం తాగుతున్నారు, ఎప్పుడు అని. ఆవిడ అన్నది, "నేను బ్లాకే తాగుతా అన్నా. ఈయన ఊళ్ళో లేరు, మొన్న శుక్రవారం వచ్చారు, శని ఆదివారాలు చుట్టాలు కూడా ఉన్నారు, అందరికీ కాపుచినోలు."

అంటే నేను ఇచ్చినప్పటి నుంచి శుక్రవారం దాకా ఆ మిషన్ ఒక్కసారి కూడా స్టీమ్ వదల్లేదు. పాలు నురగ పట్టడం మొదలయ్యాక రెండు రోజులకే తడి తిరిగొచ్చింది. స్టీమ్ వాల్వ్ వైపు ఎలిమెంటే తడిసిందన్న నోట్ గుర్తొచ్చింది.

ఇక్కడ వాల్వ్ లోపలి కట్టుబాటు తెలిస్తేనే మొదటి టెస్టులకి ఎందుకు దొరకలేదో అర్థమవుతుంది. నాబ్ కట్టేసి ఉన్నప్పుడు ప్రెషర్ సీటు (వాల్వ్ మూసుకునే చోటు) దగ్గరే ఆగిపోతుంది. నాబ్ కాడ చుట్టూ ఉండే ఓ-రింగు సీటుకి అవతల ఉంటుంది, వాల్వ్ తెరిచినప్పుడే దాని మీద ప్రెషర్ పడుతుంది. నేను పంపు ప్రెషర్ పెట్టి చూసింది నాబ్ కట్టేసి, కాబట్టి ఆ రింగుకి పరీక్షే జరగలేదు. స్టీమ్ వదిలి చూసింది కవర్ తీసేసి, వేడి ఆవిరి సన్నగా వచ్చినా కంటికి కనపడదు, గాలిలో కలిసిపోతుంది. కవర్ ఉంటేనే అది లోపల తిరిగి చల్లటి చోట నీరవుతుంది.

ఈసారి పేపర్ నాప్‌కిన్ సన్నగా చింపి, ప్రతి ముక్క మీద నీళ్ళకి చెదిరిపోయే స్కెచ్ పెన్‌తో గీతలు గీసి, వాల్వ్ చుట్టూ, బాయిలర్ జాయింట్ చుట్టూ, టెర్మినల్స్ పక్కన (లైవ్ భాగాలకి తగలకుండా) సన్న తీగతో కట్టి కవర్ బిగించేశా. కాపుచినోలు చేస్తున్నట్టే వరసగా స్టీమ్ వదిలా. ప్లగ్ పీకి, చల్లారాక విప్పి చూస్తే బాయిలర్ జాయింట్ దగ్గరివి గీసినవి గీసినట్టే ఉన్నాయి. వాల్వ్ కాడ దగ్గరిది మాత్రం రంగంతా కారిపోయింది, దాని కిందే ఉన్న టెర్మినల్ పక్కన ముక్క కూడా సగం చెదిరింది. పేపర్ వేడికి మళ్ళీ ఆరిపోయింది, చేత్తో ముట్టుకుంటే పొడిగానే ఉంది, ఇంకు చెదరకపోతే తెలిసేదే కాదు. ఇందులో వాడిన టూల్ ఖరీదు పది రూపాయలు.

రింగు

నాబ్ పీకి వాల్వ్ కాడని పట్టి ఉంచే గ్లాండ్ నట్ విప్పాలి. ఇత్తడి నట్, మెత్తన. దానికి అడ్జస్టబుల్ స్పానర్ పెడితే మూలలు గుండ్రమైపోతాయి, ఆరు మూలల సాకెట్ సరిగ్గా కూర్చునే సైజుది పెట్టాలి, పన్నెండు మూలలది కూడా వద్దు. బాయిలర్ తిరగకుండా రెండో చేత్తో వాల్వ్ బాడీని పట్టాలి, లేకపోతే బలమంతా బాయిలర్ అల్యూమినియం మరల (థ్రెడ్ల) మీద పడుతుంది.

నట్ రాగానే పసుపు గ్రీజు కనిపించింది, బేరింగుల్లో పెట్టేది. నాబ్ బిగుసుకుందని పిలిచినప్పుడు ఆ మెకానిక్ పెట్టింది. గీజర్ల దగ్గర, మోటార్ల దగ్గర ఆయనకి పనికొచ్చే గ్రీజే. కానీ ఈ రింగు ఈపీడీఎం అనే రబ్బరు. వేడి నీళ్ళకి, ఆవిరికి బాగా ఆగుతుంది, పెట్రోలియం నూనె తగిలితే మాత్రం పీల్చుకుని ఉబ్బి మెత్తబడిపోతుంది. ఉబ్బిన రింగు గాడిలో పట్టక అంచు బయటికొచ్చి, నాబ్ తిప్పినప్పుడల్లా కోసుకుపోయింది. రింగు మీద ఒక పక్క చీలిక స్పష్టంగా ఉంది. పాపం రింగు ఉబ్బాక నాబ్ మళ్ళీ బిగుసుకునే ఉంటుంది, ఇంకొంచెం గ్రీజు పడే ఉంటుంది.

రింగు తీయడానికి ఇత్తడి పిక్ (సన్న మొన ఉన్న పుల్ల లాంటి టూల్) వాడా. గుండుసూది, స్టీలు పిక్ వాడితే గాడిలో గీత పడుతుంది, ఆ గీత వెంబడి ఆవిరి దారి చేసుకుంటుంది, తర్వాత ఎంత మంచి రింగు వేసినా లాభం ఉండదు. సైజు కోసం పాత రింగుని కొలవలేదు, అది ఉబ్బిపోయింది కదా, వెర్నియర్‌తో గాడిని, కాడని, లోపలి రంధ్రాన్ని కొలిచా.

రాణిగంజ్ షాపులో ఓ-రింగు అడిగితే మామూలుగా చేతికొచ్చేది నైట్రైల్ అనే వేరే రబ్బరు. అది నల్లగానే ఉంటుంది, ఈపీడీఎం కూడా నల్లగానే ఉంటుంది, కంటితో ఎవరూ చెప్పలేరు. నైట్రైల్ 145 డిగ్రీల ఆవిరి దగ్గర గట్టిపడి పగులుతుంది. వైటన్ అనే ఇంకో రబ్బరు ఖరీదైనది, మంచిది అనుకుని కొందరు అదే వేస్తారు, మామూలు గ్రేడు వైటన్ నూనెలకి గొప్పదే కానీ ఆవిరికి కాదు. నేను ఈపీడీఎం అని అడిగి నాలుగైదు ఎక్కువ తెచ్చుకుని, ఒకదాన్ని గోరువెచ్చని ఇంజన్ ఆయిల్‌లో రాత్రంతా వదిలేశా. పొద్దునకి ఉబ్బింది. ఉబ్బితే ఈపీడీఎం, ఉబ్బకపోతే షాపువాడు నైట్రైల్ అంటగట్టినట్టు. పాతదాన్ని చంపిన గుణమే కొత్తదానికి సర్టిఫికెట్ అయింది.

వాల్వ్ భాగాలు గిన్నెల సబ్బుతో వేడి నీళ్ళలో రెండుసార్లు కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, పాత గ్రీజు జాడ లేకుండా చేసి, కొత్త రింగుకి ఫుడ్‌గ్రేడ్ సిలికాన్ గ్రీజు పల్చగా రాసి బిగించా. ఎలిమెంట్‌ని మళ్ళీ వేరియాక్ మీద ఆరబెట్టా. తడిసిన వైపు టెర్మినల్స్ రెండూ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి, అవి కోసేసి 6.3 మిల్లీమీటర్ల కొత్త టెర్మినల్స్ రాచెట్ క్రింపర్‌తో వేసి ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడిగా. ఇక్కడ సోల్డరింగ్ చేసేవాళ్ళు ఉన్నారు. బాయిలర్ పక్కన సోల్డర్ జాయింట్ మీద నమ్మకం పెట్టుకోలేం, పైగా పక్కనే థర్మల్ ఫ్యూజు ఉంటుంది, దాని కాళ్ళకి సోల్డరింగ్ ఐరన్ పెడితే ఆ వేడికి అక్కడికక్కడే తెగిపోతుంది. అందుకే దానికి ఎప్పుడూ క్రింపింగే.

ఎలిమెంట్ కొసలకి సిలికాన్ ఇప్పుడైనా పూయాలా అంటే, పూయలేదు. తడి వచ్చే దారి మూసుకుంది, ఆ కొసని ఊపిరి పీల్చనివ్వడమే మేలనిపించింది. వేరే వాళ్ళు పూస్తారేమో, తప్పనను.

ఇచ్చాక

ఈసారి పాస్ చేసే పద్ధతి మార్చా. స్కెచ్ పెన్ ముక్కలు మళ్ళీ కట్టి, కవర్ బిగించి, వాళ్ళింట్లో ఆదివారం ఎంత వాడతారో దానికంటే ఎక్కువే స్టీమ్ వదిలి, రాత్రంతా కవర్ తీయకుండా వదిలేసి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదటి ఆన్‌లోనే క్లాంప్ రీడింగ్ తీసుకున్నా. 0.3 మిల్లీయాంపులు. వేడి మీద తీసే రీడింగ్ ఇలాంటి కేసులో దేనికీ పనికిరాదు. కస్టమర్ ముందు ఆన్ చేసి చూపించి పంపేయడం మనకి అలవాటు కాబట్టి ఇది పాటించడం కష్టం, మిషన్ షాపులో ఒక రాత్రి ఎక్కువుంటే కస్టమర్ విసుక్కుంటారు, అయినా తప్పదు.

కార్డు కూడా మార్చా. ఎలక్ట్రీషియన్ పెట్టింది మంచిదే కానీ వైరు సన్నది, వేడెక్కుతోంది. 1400 వాట్లంటే 6 యాంపులు దాటుతుంది కాబట్టి 6 యాంప్ ప్లగ్ కుదరదు, 16 యాంప్ ప్లగ్, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉన్నదే వేశా. ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి మిషన్ బాడీ దాకా ఒక ఓము కంటే తక్కువ వచ్చిందని చూశాకే మూట కట్టా. ఆ పాత అడాప్టర్‌ని ఆవిడ ముందే చెత్తబుట్టలో వేయించా.

విప్పే టూల్స్ ఇంట్లోవాళ్ళు కొనుక్కోవచ్చా అని ఈ కేసు విన్నవాళ్ళు అడుగుతారు. పీజెడ్2, పొడుగు టోర్క్స్, ఇత్తడి పిక్, సిలికాన్ గ్రీజు కొనుక్కోండి, షవర్ స్క్రీన్ (కాఫీ పొడి మీదికి నీళ్ళు వదిలే జల్లెడ) శుభ్రం చేసుకోవడానికి, గ్యాస్కెట్ మార్చుకోవడానికి పనికొస్తాయి. బాడీ ముట్టుకుంటే ఝుమ్మంటున్నా, ఆర్‌సీసీబీ కొడుతున్నా మాత్రం కవర్ జోలికి పోవద్దు. లీకేజీ క్లాంప్ ధర మిగతావన్నీ కలిపినదానికంటే ఎక్కువ, ఒక్క మిషన్ కోసం ఎవరూ కొనరు. రిపేర్ పని చేసేవాళ్ళు మాత్రం బిట్ సెట్ కంటే ముందు అదే కొనాలని నా అభిప్రాయం.

ఒక వానాకాలం గడిచాక అటువైపు వేరే పని మీద వెళ్ళి వాళ్ళింట్లో మళ్ళీ క్లాంప్ పెట్టా. కాఫీ మిషన్ 0.3 దగ్గరే ఉంది. మిగతా ఇల్లు 8 నుంచి 11కి పెరిగింది, ఒక్కోటి ఆపుతూ చూస్తే పెరిగిందంతా గీజర్‌దే. దాని ఎలిమెంట్ కూడా వెళ్ళిపోయే దారిలో ఉంది. ఆవిడతో చెప్పా, ఆ పాత మెకానిక్‌నే పిలిపించుకోండి మేడమ్, గీజర్ ఆయన నాకంటే బాగా చేస్తాడు అని.